మూడో రుద్దు

గచ్చు మీద నీళ్ళ మెరుపు పోయింది. కిటికీ పక్కన ముందు పోయింది, తర్వాత గది నడుమ, అన్నిటికంటే చివర గాలి ఆడని మూలన. గచ్చు మేస్త్రి గుమ్మంలో చెక్కపలక మీద గొంతుక్కూర్చుని చూస్తూనే ఉన్నాడు. చెక్క తాపీతో మొదటి రుద్దు అయింది, ఉక్కు తాపీతో రెండో రుద్దూ అయింది, ఇక మిగిలింది మూడోది, నేలను అద్దం చేసేది. మొదటి రుద్దు ఎప్పుడో కన్ను చెబుతుంది, రెండోది ఎప్పుడో చెవి చెబుతుంది, మూడోది మాత్రం బొటనవేలే చెప్పాలిరా అని ముప్పైయేళ్ళుగా తన దగ్గర పని నేర్చుకున్న ప్రతివాడికీ నూరిపోసిన మనిషి అతను. వేలు నొక్కితే నేల చల్లారిన మైనంలా ఉండాలి. వేలు లోపలికి దిగకూడదు, అలాగని రాయిలా ఎదురు తిరగకూడదు. తొందరపడి రుద్దితే అడుగునున్న నీళ్ళు పైకొచ్చి నాలుగు నెలలకే పొరలు లేస్తాయి. ఆలస్యమైతే తాపీ కీచుమంటుంది, నల్లటి గీతలు పడతాయి తప్ప నునుపు రాదు. ఈ రెంటికీ నడుమ ఓ ఇరవై నిమిషాలు, అంతే. ఆ ఇరవై నిమిషాలు పట్టుకోగలిగినవాడే మేస్త్రి, మిగతావాళ్ళంతా సిమెంటు పిసికేవాళ్ళు. అతను వంగి బొటనవేలు నొక్కాడు. వేలికి ఏమీ తెలియలేదు. జానెడు అవతల మళ్ళీ నొక్కాడు. భుజం నొప్పి తెలుస్తోంది, మోకాలి కింద పలక గరుకు తెలుస్తోంది, వేలికొసన ఉన్నది మైనమో రాయో మాత్రం తెలియడం లేదు.

ఇంకా కాలేదేమో. అయిపోయిందేమో. పొద్దున ఎనిమిదింటికి సిమెంటు మాలు పోశారు, ఇప్పుడు ఒంటిగంట దాటి ఉంటుంది, కాని గడియారాన్ని నమ్మి గచ్చు రుద్దిన వాడెవడూ బాగుపడలేదు. ఎండ ఎక్కువైతే ఒక లెక్క, మబ్బు పడితే ఒక లెక్క, కిటికీ రెక్క ఒకటి తెరిచి మరిచిపోతే ఇంకో లెక్క. పొద్దున ఎండగా ఉంది, పదింటికి మబ్బు పట్టింది, మళ్ళీ ఎండ వచ్చింది. వెనక గదిలోంచి మంచం కిర్రుమంది. అతని పెళ్ళాం పక్కకి తిరగాలని చూస్తోంది. కుడివైపు కాలూ చెయ్యీ పడిపోయిన మనిషి ఎడమ మోచెయ్యి ఒక్కటే ఆసరాగా పక్కకి తిరగాలంటే మంచం నాలుగుసార్లు కిర్రుమంటుంది. ఒకటి, రెండు, మూడు. నాలుగోది వినపడలేదు. పిలుస్తుందేమోనని ఆగాడు. పిలవలేదు. పిలవడం ఆమెకి ఇష్టం ఉండదు. పిలవకుండా నీళ్ళ గదికి వెళ్ళిరావాలన్నది ఆమెకి మిగిలిన ఒకే ఒక్క కోరిక. ఆ మాట అన్నప్పుడు ఏడవలేదు, ఇంట్లో ఉప్పు అయిపోయిందని చెప్పినంత మామూలుగా చెప్పింది. "ఏమయ్యా, నేల సాపుగా ఉంటే ఈ చక్రాల కుర్చీని ఒంటిచేత్తో తోసుకుపోగలను, ఒక చెయ్యి ఒక కాలు చాలు. ఈ రాళ్ళ మధ్యే చక్రం దిగబడిపోతోంది." పాత నేల నాపరాళ్ళది. అంచులు లేచిపోయి ఏ రాయికారాయి ఓ దేశంలా ఉండేది. అతనే గునపంతో పెకిలించాడు, గడపలు తీసేశాడు, వెనక గది అంచు నుంచి నీళ్ళ గది తలుపు దాకా ఎక్కడా మిట్ట అన్నది లేకుండా, అతుకన్నది లేకుండా ఒకే పోతగా పోశాడు. రసమట్టం పెట్టి మూడుసార్లు చూసుకున్నాడు. మట్టం కుదిరింది. కళ్ళతో చేసే పనులన్నీ కుదిరాయి.

బామ్మర్ది మొన్న వచ్చి నేల చూసి పగలబడి నవ్వాడు. వాడు టైల్స్ మేస్త్రి, గచ్చు అంటే వాడికి ముసలాళ్ళ పని. "బావా, ఇంతమంది ఇళ్ళకి అద్దాల్లాంటి నేలలు పోశావు, మా అక్క పాతికేళ్ళుగా ఈ నాపరాళ్ళ మీద కాళ్ళు పగలగొట్టుకుంది. తల్లికి కూడు పెట్టనివాడు పినతల్లికి కోక పెడతానన్నాడట, అట్లా ఉంది నీ యవ్వారం" అన్నాడు. లోపల్నుంచి ఆమె కూడా నవ్వింది. వాడు టైల్స్ వేసేస్తానన్నాడు, ఒక్కరోజు పని అన్నాడు. టైల్స్ అతుకుల మీద చక్రం టకటకలాడుతుందిరా, నాలుగేళ్ళకి ఒకటి లేచిందంటే చిన్న చక్రం దాని కింద ఇరుక్కుంటుంది, నువ్వొచ్చి తీస్తావా అని అతను ఎదురు వాదించాడు. సరే, గచ్చే పోసుకో, రుద్దడానికి నాకు తెలిసిన కుర్ర మేస్త్రి ఉన్నాడు పంపిస్తానన్నాడు వాడు. ఆ మాటకి అతనికి కోపం వచ్చింది. ఎంత కోపం వచ్చిందంటే ఆ కోపం చూసి తనే భయపడ్డాడు. నా ఇంట్లో నా పెళ్ళానికి పోసే గచ్చు ఇంకొకడు రుద్దుతాడా అని గట్టిగా అరిచాడు. ఆమెకి ఆ అరుపు ముద్దొచ్చింది కాబోలు, ఆ రోజంతా అతనికేసి చూసి నవ్వుతూనే ఉంది. పొద్దున వాడూ అతనూ కలిసి మాలు కలిపి, పోసి, బద్ద లాగి మట్టం చేశారు. పది కాకుండానే అతను వాడిని పంపేశాడు. నువ్వు పోరా, మిగతాది ఒక్కడి పని, చూసుకుంటాను అన్నాడు. ఇంకో మనిషి వేలు ఈ గచ్చు మీద పడితే వీడి వేలికేమైంది అన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న వెనకాల ఎప్పట్నించి అన్నది వస్తుంది. ఎప్పట్నించో తెలిస్తే ఆమె లెక్కేసుకుంటుంది.

చేతులు ఒక్కరోజులో పోలేదు. పచ్చి సిమెంటు మెల్లగా తింటుంది, ముందు గోళ్ళ పక్కన చర్మాన్ని, తర్వాత అరచేతి గీతల్ని. తొడుగులు వేసుకోమని ఎవరైనా అంటే తొడుగు వేసుకున్న చేతికి నేల ఎలా తెలుస్తుందని ఎగతాళి చేసేవాడు. వేళ్ళ కొసలు చిమచిమలాడుతున్నాయని ఎవరికీ చెప్పలేదు. తర్వాత ఆ చిమచిమ కూడా ఆగింది, పోన్లే తగ్గిపోయిందనుకున్నాడు, అంత వెర్రివాడు. పోయినేడు ఎండలు మొదలయ్యాక ఒకరోజు పని దగ్గర టీ గ్లాసు పట్టుకుని మాట్లాడుతూ నిలబడితే పక్కవాడు గ్లాసు లాక్కున్నాడు, మేస్త్రీ చెయ్యి కాలిపోతోంది అని. అరచేతిలో బొబ్బ లేచింది. బొబ్బని చూశాడు తప్ప మంట తెలియలేదు. అప్పుడు తెలిసింది. అప్పుడే తెలిసింది, ఆమెకి జబ్బు చెయ్యడానికి తొమ్మిది నెలల ముందు. తెలియక చేశానని చెప్పుకోవడానికి దారి లేకుండా చేసిన బొబ్బ అది. చెబితే పని పోతుంది, వేలు పోయిన గచ్చు మేస్త్రిని ఎవరు పిలుస్తారు. అందుకని రెండో రుద్దు అయ్యాక కూడా చెవి మీదా కంటి మీదా నడిపించాడు. పది నేలల్లో ఏడు కుదిరాయి. మూడు పొడి రాల్చాయి, ఆ ఇళ్ళ వాళ్ళకి సిమెంటు మంచిది కాదని చెప్పాడు.

ఎంతమంది ఎంచుకున్న నేలలు. మబ్బు రంగు కావాలన్న డాక్టరమ్మ, ఎర్రగా కావాలన్న లెక్కల మాస్టారు, పక్కింటివాళ్ళ కంటే నున్నగా ఉంటే చాలన్న కిరాణా కొట్టాయన. అందరూ అడిగేది ఒకటే, పగుళ్ళు రావు కదా మేస్త్రీ. వస్తాయమ్మా, వెంట్రుకంత, రాకపోతే అది గచ్చు కాదు పింగాణీ పళ్ళెం అనేవాడు. వారం రోజులు నీళ్ళు కట్టి ఉంచండి, ఒక్క పూట ఎండిందా పసిపిల్లకి పాలు మానిపించినట్టే. నిమ్మరసం ఒలికితే వెంటనే తుడవండి, పులుపు పడితే గచ్చు మొహం మాడిపోతుంది. ఘాటు సబ్బులు వద్దు, తడిగుడ్డ చాలు. మైనం ఏడాదికోసారి, అదీ గుడ్డకి అంటించి పల్చగా, లేకపోతే జారిపడి నన్ను తిడతారు. మంచాలు ఈడ్చకండి. ఈ మాటలన్నీ గుమ్మంలో నిలబడి చెబుతుంటే వెనకాల తట్ట మీద తట్ట బోర్లించుకుంటూ ఆమె మూతి తిప్పేది. పదకొండేళ్ళు అతని పక్కన మాలు కలిపింది ఆమె. "అబ్బో, జనాల గచ్చుకి ఎన్ని జాగ్రత్తలో, ఇంట్లో మనిషి పొద్దున్నుంచి తిన్నదో లేదో మాత్రం అయ్యగారికి పట్టదు" అనేది దారిలో. నడుం పట్టేసి పని మానేసింది గాని లేకపోతే ఆమే మేస్త్రి అయ్యుండేది, అతనికంటే ముందే ఆమె వేలికి తెలిసేది. వంగి నొక్కి, ఊఁ, పట్టు తాపీ అనేది. అతను ఇంకొంచెం ఆగుదామంటే, ఆగు, ఆగితే పెళ్ళికూతురు ముసల్దవుతుంది అనేది. ఆమె చెప్పినప్పుడు రుద్దిన నేల ఒక్కటీ చెడలేదు.

ఆ మూడు రోజులు. వద్దనుకున్నా అక్కడికే వస్తుంది, వాలు నేల మీద నీళ్ళు పోసినట్టు. మొదటి రోజు సాయంత్రం, ఒంట్లో వణుకుగా ఉందయ్యా, చెయ్యి పెట్టి చూడు అంది. అతను నుదుటి మీద అరచెయ్యి పెట్టాడు. ఏమీ లేదు, చల్లగానే ఉన్నావు, పని చేసి అలిసిపోయావు, పడుకో. చెయ్యి పెట్టిన క్షణంలో బొబ్బ గుర్తొచ్చింది. వచ్చింది, కాదనలేడు. అరచేతికి నుదురే తెలియడం లేదు కదా అని కూడా అనుకున్నాడు. అయినా చల్లగా ఉందన్నాడు, ఎందుకంటే ఆమె మొహం ఎత్తి చూస్తోంది, నీ చెయ్యి ఏం చెబితే అదే అన్నట్టు చూస్తోంది, ఆ చూపు ముందు నాకు తెలియడం లేదే అనడానికి నోరు రాలేదు. రెండో రోజూ అదే మాట. మూడో రోజు రాత్రి తల పగిలిపోతోంది అంది, మళ్ళీ చెయ్యి పెట్టాడు, మళ్ళీ అదే చెప్పాడు. తెల్లారేసరికి ఆమె మాట ముద్దగా వచ్చింది, గ్లాసు పట్టుకోబోతే కుడిచెయ్యి లేవలేదు. ఆస్పత్రిలో డాక్టరు జ్వరం మెదడుకెక్కిందన్నాడు, ఎన్నాళ్ళుగా ఉందని అడిగాడు. జ్వరం లేదండీ, రోజూ చూస్తూనే ఉన్నాను అన్నాడు అతను. డాక్టరు తలెత్తి, ఇంత వేడి ఒక్క పూటలో రాదే, మొదటి రోజే తెచ్చి ఉంటే మామూలు జ్వరంలా పోయేది అన్నాడు. ఆమె అప్పుడు స్పృహలో లేదు. ఆ మాట విన్నవాడు అతనొక్కడే. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టని అంటారు. తన చేతులు కాలినట్టు కూడా తనకి తెలియలేదు, అంతకంటే దిక్కుమాలిన బతుకు ఉంటుందా.

అంతకంటే పెద్ద శిక్ష ఆమె చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళకి చెప్పే మాట. జ్వరం కూడా లేదమ్మా, మా ఆయన రోజూ చెయ్యి పెట్టి చూస్తూనే ఉన్నాడు, ఆయన చెయ్యి సంగతి మీకు తెలుసుగా, ఆఖరి రోజు ఉన్నట్టుండి వచ్చి పడేసింది, నా రాత అంటుంది. సాక్ష్యం చెప్పినట్టు చెబుతుంది. అతను అప్పుడు నీళ్ళు తెస్తాననో కొట్టుకెళ్ళాలనో లేచి వెళ్ళిపోతాడు. ఒక్కోసారి నిజం చెప్పేద్దామనుకుంటాడు, చెప్పి కాళ్ళ మీద పడదామనుకుంటాడు. ఆమె తనని తిట్టినా ఫరవాలేదు. కాని పొద్దున ఆమెని లేపి కూర్చోబెట్టేది ఈ చేతులే, తల దువ్వేది ఈ చేతులే, అవి తనని ఏం చేశాయో తెలిశాక ఆమె వాటి మధ్య ఎలా బతుకుతుంది. అందుకని గచ్చు. గచ్చు కుదిరితే ఆమెకి ఈ చేతుల అవసరం కొంత తగ్గుతుంది. ఈ ఒక్క నేల, భగవంతుడా, ఈ ఒక్క నేల కుదరనీ, తర్వాత తాపీ ముట్టను.

మళ్ళీ నొక్కాడు. గట్టిగా, బలమంతా పెట్టి, గోరు తెల్లబడేదాకా. పలక జరుపుకుంటూ గోడ దాకా వెళ్ళి వరసగా నొక్కుకుంటూ వచ్చాడు. మోచెయ్యి ఆనించి చూశాడు, పిల్లలకి నీళ్ళు పోసేముందు చూసినట్టు. చల్లగా ఉందని తెలిసింది, గట్టిగా ఉందో లేదో తెలియలేదు. బోర్లా పడుకుని చెంప ఆనించాడు, పెదవి ఆనించాడు. పెదవికి సిమెంటు వాసన, తడి. ముప్పైయేళ్ళుగా కూడు పెట్టిన వాసన. నేలని ముద్దు పెట్టుకుంటున్న ముసలాణ్ణి ఎవరైనా చూస్తే పిచ్చెక్కిందనుకుంటారు, ఎక్కితే బాగుండును. తాపీ తీసి మూలన ఒక్క జానెడు రుద్ది చూస్తే తెలిసిపోతుంది, కాని తెలిసేసరికి ఆ జానెడు చెడుతుంది, చెడినా ఫరవాలేదు, కాని చెయ్యి లేవడం లేదు. రుద్దితే తెలిసిపోతుంది. అదే భయం. లేచి గుమ్మంలోకి వచ్చి మళ్ళీ కూర్చున్నాడు. ఎండ కిటికీ కమ్మీ దాటింది. ఇందాక దాటలేదు. ఎంతసేపు పడుకున్నాడు నేల మీద?

"ఏమయ్యా," లోపల్నుంచి ఆమె. మాట కొంచెం ముద్దగా వస్తుంది గాని అర్థమవుతుంది. "తాపీ చప్పుడు లేదేం?"

"ఇంకా పచ్చిగా ఉందే."

"ఇంతసేపా? నిద్రపోయావేమో అనుకున్నా."

ఇంకా పచ్చిగా ఉందే. ఈ మాట ఎంత సులువుగా వచ్చిందో చూడు, చల్లగానే ఉన్నావు పడుకో అన్నంత సులువుగా. అప్పుడు ఒక ఉపాయం తట్టింది. దొంగ ఉపాయమే, అయినా నేల దక్కుతుంది. లేచి లోపలికెళ్ళాడు. పొట్టి మంచం అది, పట్టీ మీంచి చెయ్యి వేలాడేస్తే నేల అందుతుంది. గచ్చు అంచు మంచానికి రెండడుగుల దూరం. "నీ గచ్చుకి నువ్వే వేలు పెట్టాలే," అన్నాడు, గొంతులో సరదా తెచ్చుకుని. "పెళ్ళికూతురు నీది కదా."

ఆమె మొహం విచ్చుకుంది. "ఏంటో ఇవాళ అయ్యగారికి సరసం పుట్టింది" అంది. అతను మంచాన్ని గుమ్మం దాకా లాగాడు. ఎడమ మణికట్టు పట్టుకుని మెల్లగా కిందికి దించి బొటనవేలు గచ్చు మీద ఆనించాడు. పని మానేసి పన్నెండేళ్ళయినా ఆ వేలు మరిచిపోలేదు, నొక్కి, కొంచెం పక్కకి తిప్పి, మళ్ళీ నొక్కింది. అతను నేల చూడలేదు, ఆమె మొహమే చూస్తున్నాడు. నవ్వు అలాగే ఉంది, నొసలు మాత్రం ముడిపడింది.

"ఇది ఎప్పుడో బిగిసిపోయింది కదయ్యా" అంది. "రాయి. గంటైనా అయ్యుంటుంది."

"అవునా?"

ఆ అవునాతో అతను దొరికిపోయాడు. ఆమె తల తిప్పి అతన్ని చూసింది, తర్వాత గచ్చుని చూసింది. గోడ నుంచి గుమ్మం దాకా జానెడుకొకటి చొప్పున ఎర్రటి చుక్కలు. ఆ తర్వాత అతని చేతిని చూసింది. బొటనవేలి పగులు విచ్చుకుని నెత్తురు కారుతోంది. "వేలు తెగింది, చూసుకోలేదా?" అంది. అతను చూసుకున్నాడు. ఆమె ఆ వేలిని తన చేతిలోకి తీసుకుని, పగుల్లోకి గోరు గుచ్చి పట్టుకుంది.

"తెలుస్తోందా?"

అతను అబద్ధం వెతికాడు. దొరకలేదు.

"ఎప్పట్నించి?"

"పోయినేడు ఎండల నుంచి."

ఆమె గోరు తీసేసింది. లెక్కేసుకుంటోంది. అతనికి ఆ లెక్క ముందే వచ్చు. ఎండలు, తర్వాత వానలు, తర్వాత చలి, చలిలో ఆ మూడు రోజులు. బయట ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ వెళ్ళారు. లెక్క తప్పితే బాగుండునని అతను పిచ్చిగా ఆశపడ్డాడు.

"అంటే, నా నుదుటి మీద పెట్టినప్పుడు..."

"తెలియలేదే."

"నీకు తెలియడం లేదని నీకు తెలుసు."

"తెలుసు."

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. తిడితే బాగుండునని అతను ఎదురుచూశాడు. "మంచం వెనక్కి లాగు" అంది. లాగాడు. గోడవైపు మొహం తిప్పుకోవాలని చూసింది. తిరగడానికి సాయం కావాలి, అడగలేదు. కళ్ళు మూసుకుంది. అతను గుమ్మంలోకి వచ్చి తాపీ తీసుకుని గచ్చు మీద ఆనించి ఒక్కసారి లాగాడు. కీచుమని నల్లటి గీత పడింది. ఈ నేల ఇక జన్మంతా పొడి రాలుస్తుంది, చక్రం కింద కరకరమంటుంది, ఒంటిచేతికి లొంగదు. అయినా ఇంకో రెండుసార్లు లాగాడు.

ఎండ గోడ మీదికి పాకాక లోపల్నుంచి పిలిచింది. పేరు పెట్టలేదు, ఏమయ్యా అనలేదు, గొంతు సవరించుకున్నట్టు ఒక చప్పుడు చేసింది. అతను వారం రోజులకని తెచ్చిపెట్టిన బేసిన్ తీసుకుని వెళ్ళాడు.

"అది వద్దు. నీళ్ళ గదికి తీసుకెళ్ళు."

"గచ్చు మీద వారం దాకా..."

"ఎలాగూ పోయిందిగా."

బేసిన్ కింద పెట్టాడు. చేతులు కడుక్కున్నాడు, ఎందుకో తెలియకుండానే మళ్ళీ కడుక్కున్నాడు. ఆమె వీపు కింద ఒక చెయ్యి, మోకాళ్ళ కింద ఒక చెయ్యి వేసి ఎత్తి, తను పోసిన నేల మీదికి అడుగు పెట్టాడు. అడుగు దిగలేదు. ఎప్పుడూ అతని మెడ చుట్టూ వేసే ఎడమచేతిని ఈసారి ఆమె తన గుండెల మీదే పెట్టుకుంది.